అమృతా షేర్‌గిల్ బొమ్మలు మొదటిసారి చూడబోతున్నారా? ఇలా చూడండి

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పేరెత్తగానే జనం చెప్పేది ఆమె అందం గురించి, ప్రేమ వ్యవహారాల గురించి, 28 ఏళ్ళకే పోవడం గురించి. ఈ మధ్య దీనికి రేటు కూడా తోడయింది, 2023లో ఆమె బొమ్మ ఒకటి వేలంలో 61.8 కోట్లకి పోయింది కదా, అప్పట్నుంచి అదే మాట. ఇవన్నీ నిజమే, కానీ ఇవి బుర్రలో పెట్టుకుని గ్యాలరీకి వెళ్తే బొమ్మ కనపడదు, కథే కనపడుతుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. మొదటిసారి ఢిల్లీ వెళ్ళినప్పుడు ఆమె జీవితం మొత్తం చదువుకుని వెళ్ళా, ప్రతి బొమ్మ ముందూ నిలబడి "పాపం ఎంత బాధపడిందో" అనుకుంటూ ముప్పావుగంటలో బయటికొచ్చేశా, సాయంత్రం రూమ్‌కొచ్చాక ఒక్క బొమ్మలో కూడా ఏ రంగు ఎక్కడుందో గుర్తు రాలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు అయిదే అయిదు బొమ్మలు చూశా, మూడు గంటలు పట్టింది. ఈ రాసేదంతా ఆ రెండోసారి నేర్చుకున్నది.

వెళ్ళే ముందు ఎంత తెలిస్తే చాలు

ఇంత చాలు. 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. నాన్న ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ మజీఠియా, పంజాబీ సిక్కు, సంస్కృతం పారశీకం చదువుకున్న మనిషి, ఫోటోగ్రఫీ అంటే పిచ్చి. అమ్మ మరీ ఆంత్వానెత్ హంగేరీ ఆవిడ, ఒపెరా పాడేది. చెల్లెలు ఇందిర. 1921లో ఇల్లు సిమ్లాకి మారింది. 1929లో, పదహారేళ్ళకి, బొమ్మలు నేర్చుకోడానికి పారిస్ వెళ్ళింది, అయిదేళ్ళు అక్కడే. 1934 చివర్లో ఇండియా వచ్చేసింది. 1938లో హంగేరీ వెళ్ళి అమ్మ తరఫు దగ్గరి బంధువు, డాక్టర్ విక్టర్ ఎగాన్‌ని పెళ్ళి చేసుకుంది, మరుసటి ఏడాది ఇద్దరూ ఇక్కడికొచ్చి గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో వాళ్ళ కుటుంబం చక్కెర ఫ్యాక్టరీ ఎస్టేట్‌లో ఉన్నారు. 1941 సెప్టెంబర్‌లో లాహోర్ మారారు, అదే ఏడాది డిసెంబర్ 5 రాత్రి పోయింది.

అంతే, ఇక ఆపేయండి. ఎలా పోయింది, ఎవరిది తప్పు అన్నది ఇప్పుడొద్దు, దాని మీద బోలెడంత రాశారు, ఎప్పుడైనా చదువుకోవచ్చు.

ఎక్కడ చూడాలి

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్ ఉంది కదా, అదే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్. 1954లో మొదలైంది, మొదలైనప్పట్నుంచీ దాని గుండెకాయ ఈమె బొమ్మలే, భర్త, కుటుంబం ఇచ్చినవి. ఆమె మొత్తం వేసినవి మనకి తెలిసి 170 పైచిలుకు, అందులో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి. సోమవారం సెలవు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. అన్ని బొమ్మలూ అన్నిసార్లూ గోడ మీద ఉండవు, మారుస్తూ ఉంటారు, ఒక్క బొమ్మ కోసమే ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ముందే కనుక్కుని వెళ్ళండి.

ఢిల్లీ వెళ్ళడం కుదరని వాళ్ళు బాధపడక్కర్లేదు, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఈ గ్యాలరీ బొమ్మలు చాలా ఉన్నాయి, బాగా జూమ్ చేసి చూడొచ్చు. ఫోన్‌లో కాకుండా కాస్త పెద్ద స్క్రీన్ మీద చూడండి, బ్రైట్‌నెస్ తగ్గించుకోండి, ఎందుకంటే ఈమె రంగులు మెరిసే రంగులు కావు, మట్టిలోంచి వచ్చినట్టుంటాయి, స్క్రీన్ వెలుగు ఎక్కువైతే అవి ఇంకో బొమ్మలా కనిపిస్తాయి. వాట్సాప్‌లో తిరిగే ఫోటోలు మాత్రం చూడకండి, ఎరుపంతా నారింజ అయిపోయి ఉంటుంది.

తేదీ వరసలో చూడండి

ఇదే అసలు కిటుకు. గోడ మీద ఏ వరసలో పెట్టినా మీరు మాత్రం సంవత్సరాలు చూసుకుని 1932 నుంచి 1941కి నడవండి. మొత్తం కలిపి పదేళ్ళ పనే, కానీ ఆ పదేళ్ళలో చెయ్యి మూడు సార్లు మారింది. పారిస్ చెయ్యి, సిమ్లా చెయ్యి, సరాయా చెయ్యి అని నేను పెట్టుకున్న పేర్లు. మధ్యలో అజంతా ఒక మలుపు.

మొదలు "యంగ్ గర్ల్స్" దగ్గర, 1932. పెద్ద కాన్వాస్, ఎత్తు మీటరున్నర దాటుతుంది. ఇద్దరమ్మాయిలు కూర్చుని ఉంటారు, ఒకరు చెల్లెలు ఇందిర, నీట్‌గా బట్టలేసుకుని ధీమాగా, ఇంకొకరు ఫ్రెంచ్ స్నేహితురాలు దెనీస్, సగం బట్టలతో, జుట్టు మొహం మీద పడి. ఈ బొమ్మకి 1933లో పారిస్ సలోన్‌లో, అంటే అక్కడి పెద్ద చిత్రకళా ప్రదర్శనలో, గోల్డ్ మెడల్ వచ్చింది, ఆమెని దాని అసోసియేట్ సభ్యురాలిగా ఎన్నుకున్నారు, అప్పటికి ఇరవై ఏళ్ళు. మెడల్ సంగతి పక్కన పెట్టి చర్మం ఎలా వేసిందో చూడండి. వెలుగు ఎటు నుంచి వస్తోందో చెప్పగలరు, బట్ట బరువు చెప్పగలరు. అంటే స్కూల్ నేర్పినదంతా ఆమెకి వచ్చు, చాలా బాగా వచ్చు. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే తర్వాత బొమ్మలు చూసి "ఏంటి ఇంత ఫ్లాట్‌గా ఉన్నాయి, చేతులు సరిగ్గా వెయ్యడం రాదా" అనేవాళ్ళని నేను చూశా. రాక కాదు, వచ్చిందంతా తెలిసే వదిలేసింది. అది నమ్మాలంటే ముందు ఈ బొమ్మ చూసి తీరాలి.

పారిస్‌లో ఆమె గురువు లూసియన్ సిమోన్. ఈ అమ్మాయి రంగులు చూసి, నువ్వు ఈ బూడిదరంగు స్టూడియోల మనిషివి కావు, నీ చోటు తూర్పు దేశాల వెలుగులో ఉంది అనేవాడట, ఆమే తర్వాత రాసుకుంది. 1934లో ఇంటికి రాసిన ఉత్తరంలో అజంతా గోడ బొమ్మ ఒక్కటి మొత్తం రెనెసాన్స్ (పాత యూరప్ స్వర్ణయుగపు చిత్రకళ) కంటే విలువైనది అనే అర్థంలో ఒక మాట ఉంది. గమనించాల్సింది ఏంటంటే అప్పటికి ఆమె అజంతా వెళ్ళలేదు! మోడరన్ ఆర్ట్ చదువుకుంటూ, గొగాన్, సెజాన్ లాంటి ఫ్రెంచ్ చిత్రకారుల్ని చూస్తూ అటు నుంచి ఇండియా వైపు వచ్చింది. మన సంప్రదాయం రక్తంలో ఉంది, అదే బయటికొచ్చింది అని రాసేవాళ్ళ మాట నాకు నచ్చదు, చదివి, చూసి, తేల్చుకుని వచ్చింది.

సిమ్లా బొమ్మలు: కళ్ళు చూడండి

1935 నాటికి రండి. "మదర్ ఇండియా", "త్రీ గర్ల్స్", "హిల్ మెన్", "హిల్ విమెన్" అన్నీ ఈ ఏడాదివే. "త్రీ గర్ల్స్" ముందు కనీసం పది నిమిషాలు ఉండండి. ముగ్గురు అమ్మాయిలు, మన వైపు చూడరు, ఒకరి వైపు ఒకరు చూసుకోరు, చూపులు కిందికి, పక్కకి. గదిలో వస్తువు ఒక్కటీ లేదు. కుర్చీ లేదు, కిటికీ లేదు, పూలకుండీ లేదు. ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ఏ ఫోటో అయినా తీసి చూడండి, వెనక ఏదో ఒక సామాను ఉంటుంది. ఆమె అదంతా తీసేసింది, ముగ్గురు ఏదో రావడం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయారు, వచ్చేది మంచిదవుతుందన్న ఆశ వాళ్ళకి పెద్దగా లేనట్టుంది. పెళ్ళిచూపుల రోజు లోపలి గదిలో కూర్చున్న అమ్మాయిలని చూసినవాళ్ళకి ఈ బొమ్మ గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ చిన్న ఎక్సర్‌సైజ్. ఒక్కో మొహాన్నీ చేత్తో మూసి మిగతా ఇద్దరినీ చూడండి (దూరం నుంచే, కాన్వాస్ దగ్గరికి చెయ్యి పెట్టకండి). ఎవరిని మూసినా బొమ్మ కుంటుతుంది. ముగ్గురూ కలిసి ఒకే ఆకారం.

ఈ బొమ్మకి 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ గోల్డ్ మెడల్ ఇచ్చింది. దానికి రెండేళ్ళ ముందు, 1935లో, సిమ్లా ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వాళ్ళకి పది బొమ్మలు పంపితే అయిదు తిప్పి పంపారు, తీసుకున్నవాటిలో ఒకదానికి ప్రైజ్ ఇస్తే ఆ ప్రైజ్ నాకొద్దు అని ఆమే తిప్పి పంపింది. 22 ఏళ్ళ అమ్మాయి! నాకు ఆమె మీద గౌరవం పెరిగిన సంగతి ఇదే, సలోన్ మెడల్ కంటే.

"మదర్ ఇండియా" అనే పేరు చూసి కిరీటం, జెండా ఊహించుకుని వెళ్ళకండి. ఒక పేద తల్లి, ఇద్దరు పిల్లలు, చీకటి రంగులు. పేరు చదవకుండా ముందు బొమ్మ చూసి, తర్వాత పేరు చదవండి, అప్పుడు తగులుతుంది.

అజంతా మలుపు, మన హైదరాబాద్ కూడా ఉంది ఇందులో

1936 చివర్లో బాంబే వెళ్ళింది, అక్కడ కార్ల్ ఖండాలావాలా పరిచయమయ్యాడు, లాయరు, మినియేచర్ పెయింటింగ్స్ (మన పాతకాలపు చిన్న సైజు బొమ్మలు) బాగా తెలిసినవాడు, ఆమె బొమ్మల మీద 1944లో పుస్తకం రాసింది కూడా ఆయనే. అక్కణ్ణుంచి అజంతా, ఎల్లోరా. అప్పట్లో ఆ రెండూ నిజాం రాజ్యంలో ఉండేవి, అజంతా బొమ్మలు పాడవకుండా నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించింది కూడా. అంటే ఆమెని మార్చేసిన గోడలు ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రానివి. ఆ ట్రిప్‌లోనే హైదరాబాద్ వచ్చింది, తర్వాత దక్షిణాదికి, కొచ్చిలో మట్టంచేరి ప్యాలెస్ గోడ బొమ్మలు, కన్యాకుమారి, మధురై.

హైదరాబాద్‌లో ఏమైందో తెలుసా, నవాబ్ సాలార్ జంగ్ ఆమె బొమ్మలు తీసుకుని చూసి వెనక్కి పంపేశాడు. అవును, మన మ్యూజియం సాలార్ జంగే. మైసూర్ మహారాజా కూడా ఈమెవి కాదని రవివర్మవే తీసుకున్నాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఢిల్లీ వెళ్ళే ముందు ఒకసారి సాలార్ జంగ్ మ్యూజియంలో యూరోపియన్ పెయింటింగ్స్ గది చూసి రండి. అందరూ ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గర ఆగిపోయి ఆ గదిని దాటేస్తారు. పట్టుబట్టల మెరుపు, నున్నటి చర్మం, ప్రతి వెంట్రుకా వేసిన బొమ్మలు, అప్పట్లో డబ్బున్నవాళ్ళు గొప్ప ఆర్ట్ అంటే అదే అనుకున్నారు. ఆ కన్నుతో చూస్తే షేర్‌గిల్ బొమ్మ సగంలో ఆపేసినట్టు ఉంటుంది. ఆయన ఎందుకు వద్దనుకున్నాడో నాకు ఆ గదిలో అర్థమైంది. ఆయన్ని తిట్టాలనిపించలేదు కానీ, ఇవాళ ఆ మ్యూజియంలో ఆమె గది ఒకటి ఉండాల్సింది కదా అని మాత్రం ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆ ప్రయాణం నుంచి సిమ్లా తిరిగొచ్చాక 1937లో వేసినవే "బ్రైడ్స్ టాయ్‌లెట్" (అంటే పెళ్ళికూతురి అలంకరణ), "బ్రహ్మచారీస్", "సౌత్ ఇండియన్ విలేజర్స్ గోయింగ్ టు మార్కెట్". ఈ మూడింటినీ కలిపి దక్షిణాది మూడు బొమ్మలు అంటారు. నా మటుకు ఆమె పనిలో శిఖరం ఇక్కడే.

"బ్రహ్మచారీస్" ముందు ఎలా నిలబడాలో చెప్తా. అయిదుగురు కుర్రాళ్ళు, తెల్ల పంచెలు, జంధ్యాలు. ముందు మొహాలు వదిలేసి తెలుపు మాత్రం చూడండి, పంచె నుంచి పంచెకి కన్ను ఎలా నడుస్తుందో చూడండి. తెలుపు అంటున్నాం గానీ ఒక్కచోట కూడా శుద్ధ తెలుపు కాదు, ఒకచోట పసుపు ఛాయ, ఒకచోట నీలం, ఒకచోట బూడిద. తర్వాత ఒంటి రంగులు, అయిదుగురివీ అయిదు ఛాయలు. మన పెళ్ళి ఫోటోల్లో అందరినీ తెల్లగా చేసేస్తారే, ఆమె దానికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్ళింది, నల్లటి ఒంటిని నల్లగానే, దానికుండే వెలుగుతో వేసింది. ఆ తర్వాత నీడల కోసం వెతకండి, దాదాపు దొరకవు. అజంతా నుంచి తెచ్చుకున్నది ఇదే, నీడతో గుండ్రం చెయ్యకుండా గీతతో, రంగుతోనే మనిషికి బరువు ఇవ్వడం. అజంతా రాజకుమారుల బొమ్మ ఏదీ కాపీ కొట్టలేదు, ఆ పద్ధతి తీసుకుని దారిలో కనిపించిన మనుషులకి వాడింది.

ఇక్కడ మన వాళ్ళతో ఒక పోలిక పనికొస్తుంది. రాజమండ్రిలో మన చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూశారా? ఆయన 1925లో, 28 నిండకుండానే పోయాడు. ఆయన ఆడవాళ్ళ బొమ్మల్లో గీత ఎంత మెత్తగా, సంగీతంలా సాగుతుందో చూసి, ఆ జ్ఞాపకంతో "బ్రైడ్స్ టాయ్‌లెట్" చూడండి. ఇద్దరూ అలంకరణ వేశారు, ఇద్దరికీ మన పాత బొమ్మలంటే ప్రాణం. కానీ ఆయన పెళ్ళికూతురు పాటలో ఉన్నట్టుంటే ఈమె పెళ్ళికూతురు బరువుగా కూర్చుని ఉంటుంది, చుట్టూ జడ వేసేవాళ్ళు, పిల్లలు, సందడి ఉండాల్సిన చోట ఒక నిశ్శబ్దం. ఏది గొప్ప అని అడగకండి, నాకు రెండూ కావాలి. అప్పటి బెంగాల్ స్కూల్ (అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ళ చిత్రకళా ధోరణి) మెత్తదనం మీద మాత్రం ఆమెకి అసలు పడేది కాదు, కటువుగానే రాసేది.

సరాయా బొమ్మలు: ఎరుపు

పెళ్ళయ్యాక సరాయాలో వేసినవి సైజులో చిన్నవి, మనుషులు చిన్నవాళ్ళయిపోతారు, చెట్లు, ఏనుగులు, ఒంటెలు వస్తాయి. అజంతా వెనక్కి వెళ్ళి మొఘల్, పహాడీ మినియేచర్లు ముందుకొచ్చాయి, ముఖ్యంగా పహాడీల్లోనే ఒక రకమైన బసోలీ బొమ్మల ఎరుపు. 1940లో వేసిన "వుమన్ రెస్టింగ్ ఆన్ చార్‌పాయ్" చూడండి, ఎర్ర బట్టల్లో ఒకామె నులకమంచం మీద పడుకుని ఉంటుంది, పక్కన విసనకర్రతో ఇంకొకామె. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవాళ్ళు బయట ఉన్నప్పుడు, ఇంట్లో ఆడవాళ్ళకి దొరికే ఆ గంట. మా అమ్మమ్మ ఇంట్లో వసారాలో ఆ గంట నాకు తెలుసు. ఎరుపు మాత్రం నిద్రపోదు, పడుకున్న మనిషి చుట్టూ రగులుతూనే ఉంటుంది. "హల్దీ గ్రైండర్స్" కూడా అదే ఏడాది, పసుపు నూరే ఆడవాళ్ళు, చెట్ల మధ్య.

ఈ బొమ్మల దగ్గర చాలామంది తొందరగా వెళ్ళిపోతారు, చిన్నగా ఉన్నాయని. దయచేసి ఆగండి. సరాయా నుంచి రాసిన ఉత్తరాల్లో విసుగు, ఒంటరితనం కనిపిస్తాయి, బొమ్మలో చెయ్యి మాత్రం రోజురోజుకీ స్వేచ్ఛగా అయింది.

ఇంటికొచ్చాక చెయ్యాల్సింది

గీయండి. బొమ్మలు రాకపోయినా సరే. చూసిన వాటిలో ఒకటి తలుచుకుని, ఫోన్ చూడకుండా, ఒక కాగితం మీద మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో గుండ్రాలు పెట్టండి, ఎరుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ అని రాసుకోండి. తర్వాత ఒరిజినల్ తెరిచి సరిచూసుకోండి. ఎక్కడ తప్పుపోయిందో అక్కడే మీరు చూడలేదని అర్థం. పిల్లలతో అయితే ఇంకా బాగుంటుంది, "త్రీ గర్ల్స్" చూపించి ఈ ముగ్గురూ ఇప్పుడే ఏం విని ఉంటారు అని అడగండి, మా అక్క కూతురు తొమ్మిదేళ్ళది, "స్కూల్ మానిపించేస్తామని చెప్పారేమో పిన్నీ" అంది.

ఇప్పుడు జీవితం చదవండి, ఇప్పుడైతే ఫరవాలేదు. ఉత్తరాలతో మొదలుపెట్టడం మంచిది, ఇతరులు రాసిన కథల కంటే. చెల్లెలి కొడుకు వివాన్ సుందరం, ఆయనా పెద్ద ఆర్టిస్టే, ఆ ఉత్తరాలన్నీ కలిపి 2010లో రెండు సంపుటాలుగా తెచ్చాడు. తాతగారు ఉమ్రావ్ సింగ్ తీసిన పాత ఫోటోలని కలిపి 2001లో కొత్త ఫోటోలు తయారు చేశాడు, అవి కూడా చూడండి. ఆ ఉత్తరాల్లోనే ఉంది ఆ పేరుపడ్డ మాట, యూరప్ పికాసోది, మతీస్‌ది, బ్రాక్‌ది, ఇండియా మాత్రం నాది ఒక్కదానిదే అని. పొగరు అనేవాళ్ళున్నారు. 1937 బొమ్మలు చూసొచ్చినవాళ్ళు ఆ మాట అనరు.

డబ్బు సంగతి కూడా ఒకటి తెలుసుకోండి. 1976లో ప్రభుత్వం ఆమె బొమ్మల్ని జాతీయ కళా సంపదగా ప్రకటించింది, దేశంలో ఉన్నవి బయటికి అమ్మడానికి లేదు. ఇలా రక్షణ ఉన్నవాళ్ళు రవివర్మ, రవీంద్రనాథ్, జామినీ రాయ్ వగైరా కలిపి తొమ్మిదిమందే, వాళ్ళలో ఆడమనిషి ఈమె ఒక్కతే. బతికుండగా కొనేవాళ్ళ కోసం ఊరూరా తిరిగింది, 1937 నవంబర్‌లో లాహోర్ ఫలెట్టీస్ హోటల్లో పెట్టిన ఎగ్జిబిషన్‌కి మంచి పేరొచ్చింది గానీ చేతికి డబ్బు అంతంత మాత్రమే.

అన్నీ అయ్యాక ఒక బొమ్మ మిగుల్చుకోండి, చివరిది, 1941లో లాహోర్ గంగారామ్ మాన్షన్స్‌లో ఉండగా వేస్తూ వదిలేసినది. మేడ మీద నుంచి కనిపించే ఇళ్ళు, కింద నల్ల గేదెలు. డిసెంబర్‌లో ఎగ్జిబిషన్ ఉంది, దాని పనుల్లో ఉండగా జబ్బు చేసింది. ఈ బొమ్మలో మొహాలు లేవు, ఎదురుచూసే అమ్మాయిలు లేరు, రంగు పెద్ద పెద్ద ముక్కలుగా, ఇల్లు ఎక్కడ ఆగుతుందో గోడ ఎక్కడ మొదలవుతుందో పట్టించుకోకుండా పడి ఉంటుంది. 1932 నాటి "యంగ్ గర్ల్స్" ఇంకో విండోలో తెరిచి రెండూ పక్కపక్కన పెట్టండి. మధ్యలో తొమ్మిదేళ్ళు. నేను అలా పెట్టుకున్న రోజు ఇంకే బొమ్మా చూడలేదు.